ఇంటిగాలి

వీధి దుమ్మునకు జడిసి హఫీజ్‌పేట అంతస్తుల ఇండ్లలో పగలెల్ల కిటికీలు మూసియుంచువారు పెక్కురు. లోపలి గాలి శుభ్రమైనదని వారి ధైర్యము. కాని ఇంటిగాలిని మార్చునది వీధి మాత్రమే కాదు. మన నిత్యకృత్యములును మార్చుచుండును.

ముందు వంటను చూతము. హఫీజ్‌పేట గల రంగారెడ్డి జిల్లాతోపాటు నిజామాబాదు, వరంగల్లు జిల్లాల పల్లెలలో జరిగిన పరిశోధన యొకటి 2004లో వెలువడినది. గ్యాసుతో వండు ఇండ్లలో ఘనమీటరు గాలికి సగటున 73 మైక్రోగ్రాముల సన్నని ధూళి యుండగా, కట్టెలు మొదలగు వంటచెరకు వాడు ఇండ్లలో అది 732 వరకు నున్నది. గ్యాసు మేలు చేసినదనుట నిజము. అయినను నూనె కాగి పోపు చిటపటలాడునపుడు సూక్ష్మకణములు లేవక మానవు.

ఇక సూక్ష్మజీవుల మాట. మన చర్మమునుండి రాలు పొలుసులతో అవి ఇల్లెల్ల వ్యాపించును. పెక్కింటివలన అపాయము లేదు. వానకాలమున తడిబట్టలు గదిలో ఆరవేసినచో మాత్రము గోడల చెమ్మపై బూజు పెరిగి, ఉబ్బసము గలవారిని బాధించును.

క్రిములను చంపు తొందరలో కొందరు బ్లీచింగు ద్రవమును, మరుగుదొడ్డి కడుగు ఆమ్లమును కలిపి వాడుదురు. ఆ రెండును కలిసిన క్లోరిన్ వాయువు పుట్టును. 1915లో యుద్ధభూమిపై సైనికులను చంపిన వాయువు ఇదియే. తలుపు మూసిన స్నానపుగదిలో అది ప్రాణాంతకము. బ్లీచింగు ద్రవ మొక్కదానితో నేల తుడిచినను క్లోరిన్ సంబంధమైన వాయువులు గాలిలో చేరునని, 2018లో అమెరికాలోని ఆస్టిన్ నగరమున ఒక ఇంట జరిపిన పరీక్షలలో తేలినది.

కావున పోపు వేయుటకు ముందే వంటింటి కిటికీ తెరువుడు. చెమ్మను ఆరనిండు. ఒక ద్రవమును నీటితో పూర్తిగా కడిగివేయనిదే రెండవదానిని ముట్టకుడు. వీధిదుమ్ము మన చేతిలో లేదు. ఇంటిగాలి చాలవరకు మన చేతిలోనిదే.