ధనుర్వాతము – నరముల సందేశము



బిడ్డ బొడ్డును కొడవలితో కోసి, ఆ పచ్చిపుండుపై పేడ నద్దు వాడుక మన పల్లెలయందు ఒకప్పుడు కలదు. రెండు దినములు చక్కగా పాలు గుడిచిన శిశువు పిమ్మట నోరు తెరువలేక, దేహము విల్లువలె వంగి మరణించుచుండెను. గాలి సోకినదని కొందఱనిరి. వైద్యులు ధనుర్వాత మనిరి. ఆ రోగవిషము దేహమున సరిగా దేనిని చెఱచునో 1992లో గాని తెలియలేదు.

ఒక నరకణమునకును మఱియొకదానికిని నడుమ మిక్కిలి సన్నని సందు గలదు. సందేశద్రవ్యము కణపు కొనయందు సూక్ష్మమైన తిత్తులలో నిలువయుండును. తిత్తిపొర కణపుపొరతో కలిసిననే గాని అది వెలికి రాదు. ఆ పొరలో తమంత తాము కలియవు. మీరు గోగునార త్రాడు పేనుట చూచినవారే. తిత్తిమీద ఒక ప్రోటీను పోగును, కణపుపొరమీద మూడు పోగులును గలవు. ఈ నాలుగును పెనగొని పురి యెక్కినకొలది తిత్తి పొరను సమీపించును. సందేశము రాగానే కాల్షియము లోనికి చొచ్చును. పొరలు రెండు నొకటై ద్రవ్యము సందులోనికి చిందును. ఈ తిత్తుల రవాణా మర్మమును విప్పిన రాత్మన్, షెక్మన్, స్యూడోఫ్ అను మువ్వురకు 2013లో నోబెల్ బహుమాన మిచ్చిరి.

ధనుర్వాతవిషము తిత్తిమీది పోగును, అనగా సినాప్టోబ్రెవినును, ఒకేచోట తెగగోయును. ఇటలీ దేశమున పాడువా నగరపు స్కియావో, మోంటెకుక్కో మొదలగువారు దీనిని కనుగొనిరి. విషము పుండునుండి నరము వెంబడి వెన్నుపామునకు ప్రాకి, కండరముల బిగింపును అణచు కణములలో ఈ పని చేయును. పగ్గము తెగిన యెడ్లవలె కండరములన్నియు నొక్కసారి లాగును. విషము కణములో దూరిన పిమ్మట విరుగుడుమందు దానిని అందుకొనజాలదు.

కావున ముందుజాగ్రత్తయే దారి. గర్భిణికి టీకా వేసిన, రక్షకద్రవ్యము మాయద్వారా బిడ్డకు చేరును. టీకాల మూలమునను, శుభ్రమైన కాన్పుల మూలమునను, 2003లో ఆంధ్రప్రదేశ్ దేశమున మొట్టమొదట ఈ శిశురోగమును నిర్మూలించిన రాష్ట్రమని గుర్తింపు పొందెను. శ్రీకాకుళము, విజయనగరములును అందున్నవే. దేశమంతటికి ఆ గుర్తింపు 2015లో వచ్చెను. నిర్మూలన మనగా ఏ జిల్లాలోను ఏటా వేయి జననములకు ఒక శిశువైనను ఈ రోగము పాలు కాకుండుట యను లెక్క మాత్రమే. రోగబీజములు మన మట్టిలోను పేడలోను నేటికిని గలవు.

ఒకమాఱు వచ్చి బ్రదికినవానికిని ఇది మరల రావచ్చును. చంపుటకు చాలిన విషము అతిస్వల్పమగుటచే దేహము దాని నెదుర్కొన నేర్వదు. చిన్ననాట టీకా యెఱుగని మీ యీడువారు నాగటికఱ్ఱు తగిలి గాయపడినచో, వైద్యు డడుగకున్నను ఆ మాట తామే చెప్పవలయును.