యంత్రవిద్యకు భాషావిద్య తోడు



“ఇంజనీరింగు చదువువానికి భాషాశాస్త్రముతో పనియేమి?” అని పలువురు తల్లిదండ్రులు ప్రశ్నింతురు. హైదరాబాదున 1998లో వెలసిన అంతర్జాతీయ సమాచార సాంకేతిక విద్యాసంస్థలో కంప్యూటరు శాస్త్రమును, భాషాశాస్త్రమును జోడించి ఐదేండ్ల చదువుగా నేర్పుచున్నారు. కారణము తేటతెల్లము. “రాకపోయినను” అను మన యొక్క మాటకు ఆంగ్లమున పలుమాటలు కావలెను. యంత్రము అనువాదము చేయవలెనన్న, ఆ మాటలోని ధాతువేదో, ప్రత్యయములేవో విడదీసి చూపుటకు రెండు భాషల పోకడ నెరిగినవాడు కావలెను.

భాషాశాస్త్రమున జగద్విఖ్యాతి నందినవారు మన పొరుగుననే పుట్టిరి. 1928లో ఒంగోలున జన్మించిన ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు అమెరికా వెళ్లి ఆ శాస్త్రమున 1957లో డాక్టరు పట్టము పొందిరి. తిరిగివచ్చి మన జిల్లాల రైతుల నోటి మాటలను సేకరింపజేసి, 1962లో మాండలిక వృత్తిపదకోశమున వ్యవసాయ సంపుటమును వెలువరించిరి. పరదేశపు చదువు వారిని నాగలి చెంతకే తెచ్చినది!

మన కొత్తపట్నమున వల లాగువారి మాటలు, చేను దున్నువారి మాటలు పెద్దలతోనే పోవుచున్నవి. వ్రాతకెక్కని మాట యంత్రమున కందదు. మన మనుమలకును అందదు. కావున ఈ రజతోత్సవ సంవత్సరమున మన గ్రంథాలయమందొక పుస్తకము తెరచి, ఆ మాటలను అర్థములతో వ్రాసియుంచుడని యువకులను కోరుచున్నాను. రేపు సాంకేతిక విద్యాలయమున భాష చదువబోవు మన బిడ్డకు అదియే తొలి పెట్టుబడి.