ఇంటిలో ఇల్లు

కొత్తపేట మండలములోని పలివెలను గూర్చి ఒక విద్యార్థి అంతర్జాలమునకై ఒక పుట కూర్చుచున్నాడనుకొందము. పైభాగమున ఉమాకొప్పులింగేశ్వరస్వామి ఆలయ వర్ణన. దాని క్రింద కిటికీవంటి గడిలో వేరొక పుట. అందు సేవల పట్టిక. చూచువారికి ఇదంతయు ఒకే పుట. యంత్రమునకు మాత్రము ఇవి రెండు ఇండ్లు, ఒకదానిలో ఒకటి. ఆ కిటికీకే ఫ్రేము అని పేరు. 1996లో నెట్‌స్కేప్ నావిగేటరు 2.0తో ఇది వ్యాప్తిలోనికి వచ్చినది. తెరను ముక్కలుగా పంచు పాత ఫ్రేములను 2014 నాటి హెచ్.టి.ఎమ్.ఎల్. 5 ప్రమాణము త్రోసిపుచ్చినది గాని, పుటలో పొదుగు ఐఫ్రేము నేటికిని నిలిచియున్నది.

ఆ విద్యార్థికి, బయటి పుటనుండియే లోపలి పట్టికలో క్రొత్త వరుస నొకదానిని చేర్పవలెనని కోరిక పుట్టినది. జావాస్క్రిప్టు భాషలో ఇందుకు రెండు ఆజ్ఞలు కలవు. 'క్రియేట్ ఎలిమెంట్' అనునది అంశమును పుట్టించును. 'అపెండ్ చైల్డ్' అనునది దానిని చేర్చును. తేలికగానే కనబడును. కాని పుట్టిన ప్రతి అంశమునకును, అది ఏ పుటలో పుట్టినదో ఆ పుట ఇంటిపేరువలె అంటియుండును. 1998లో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియము ప్రకటించిన మొదటి ప్రమాణము ఈ విషయమున మిక్కిలి కఠినమైనది. ఒక పుట బిడ్డను వేరొక పుటలో చేర్పబూనినచో 'రాంగ్ డాక్యుమెంట్' అను దోషము చూపి, పని నిలిపివేయవలెనని శాసించినది.

దీనికి సులువైన ఉపాయము, అంశము ఏ ఇంట నుండవలెనో ఆ ఇంటనే దానిని పుట్టించుట. అనగా, పుట్టించు ఆజ్ఞను బయటి పుటకు గాక ఫ్రేములోని పుటకు ఇయ్యవలెను. క్రొత్తగా నేర్చువారికి ఇదియే నిరపాయమని నా అభిప్రాయము. ఇదివరకే పుట్టినదానిని పంపవలసినచో, 2000లో వచ్చిన 'ఇంపోర్ట్ నోడ్' దానికి నకలు తీసి క్రొత్త ఇంటిపేరుతో ఇచ్చును. అసలు యథాస్థానముననే యుండును. 2004లో వచ్చిన 'అడాప్ట్ నోడ్' అసలునే తరలించును. ఆ మాటకు అర్థము దత్తత యనియే. పేరు పెట్టినవారు మన ధర్మశాస్త్రములు చదివి యుండరు గాని, దత్తుడు జనకుని గోత్రమును విడిచి దత్తత తీసికొన్నవాని గోత్రమును పొందు పద్ధతియే ఇచ్చటను జరుగుచున్నది. ఇప్పటి ప్రమాణము మెత్తబడి, చేర్చుమన్నంతనే బ్రౌజరే ఆ దత్తతను జరిపివేయుచున్నది. దత్తు పోయిన అంశము అచ్చటి వేషమునే ధరించును. బయటి పుటకై వ్రాసిన రంగులును అక్షరముల కొలతలును ఫ్రేములోనికి రావు.

ఇంకొక చిక్కు కలదు. ఫ్రేములోనికి అసలు పుట వచ్చువరకు అందొక ఖాళీ పుట యుండును. అది పెండ్లిపందిరివంటిది. తొందరపడి దానికి ఏమి తగిలించినను, పందిరితోపాటు అదియు పోవును. పుట పూర్తిగా దిగినదను సంకేతము వచ్చినపిదపనే పని మొదలిడవలెను.

ఇంతవరకు చెప్పినది రెండు పుటలును ఒకే యజమానివైనప్పటి మాట. ఫ్రేములోనిది బ్యాంకు పుట యైనచో? విద్యుత్తు బిల్లు చెల్లించునప్పుడు మనము రహస్యసంఖ్యను వ్రాయు గడి తరచుగా ఇట్టిదే. చిరునామాలోని పద్ధతి, సైటు పేరు, పోర్టు సంఖ్య, ఈ మూడును కలసిననే తప్ప బయటి స్క్రిప్టును బ్రౌజరు లోపలికి అడుగు పెట్టనీయదు. అచ్చట దత్తతయు లేదు, నకలును లేదు. ఈ గోడయే లేకున్నచో, ఏ పుట యైనను తనలో పొదిగిన బ్యాంకు గడిలో నకిలీ ప్రశ్న నొకదానిని చేర్చి, మన సంఖ్యలను రాబట్టుకొనగలదు. అవసరమైనచో ఇరువురును 'పోస్ట్ మెసేజ్' ద్వారా ఉత్తరములు వ్రాసికొనవచ్చును. పంపినవారెవరో పరిశీలించుకొను బాధ్యత అందుకొన్నవారిది.

గోడ ఉన్నది గదా యని గృహస్థులు నిశ్చింతగా నుండరాదు. పైన కనబడు చిరునామా బయటి పుటది మాత్రమే. లోపలి గడి ఎవరిదో అది చెప్పదు. బయటి పుటయే మోసగాండ్రదైనచో, బ్యాంకు గడిని పోలిన గడిని తానే చిత్రించి చూపగలదు. అసలు గడినే కంటికి కనబడకుండ పరచి, మనచేత నొక్కించు మోసము కూడ కలదు. దానికి 2008లో క్లిక్‌జాకింగ్ అను పేరు పెట్టిరి. అందుచే పలు సంస్థలు తమ పుటలను పరుల ఫ్రేములలో చూపరాదని బ్రౌజరునకు ముందుగనే చెప్పియుంచుచున్నవి. అట్టిచోట గడి ఖాళీగా కనబడును. అది యంత్రదోషము కాదు.