రాగం, భావం, మాట



ఈ ప్లాటినం జూబిలీ శుభవేళ సంగీతాన్ని గూర్చి నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఏ రాగానికి ఏ భావం ఒప్పునో మన పెద్దలు అనుభవంతో గ్రహించారు. నీలాంబరి జోలపాటకు, అఠాణా వీరానికి, ముఖారి శోకానికి ప్రసిద్ధి. పాశ్చాత్యులలోనూ ఇట్టి ఆలోచన ఉంది. జర్మన్ రచయిత షూబార్ట్ ఒక్కొక్క మేజర్, మైనర్ శ్రుతికి ఒక్కొక్క మనోభావాన్ని జతపరచాడు. ఆ గ్రంథం ఆయన మరణానంతరం 1806లో వెలువడింది. మన సంగీతంలో మాత్రం శ్రుతి హెచ్చినా తగ్గినా రాగం మారదు. స్వరాల నడక, గమకం, కాలప్రమాణం దాని భావాన్ని పలికిస్తాయి.

అయినా రాగమొక్కటే భావాన్ని శాసించదు. శోకరాగమని పేరొందిన ముఖారిలోనే త్యాగరాజస్వామి (1767–1847) శబరి భాగ్యాన్ని కొనియాడారు. అక్కడ పొంగేది ఆనందబాష్పమే. ఆ భేదాన్ని తెలిపేది సాహిత్యం, అనగా తెలుగు మాట.

ఆ మహనీయుడు కావేరీ తీరాన, తిరువయ్యారులో, ఈ తమిళగడ్డ మీదనే తెలుగులో పాడారు. ఇక్కడి సభలలో ఆ కృతులు వినే మన పిల్లలకు రాగం చెవికి అందుతుంది. మాట అందకుంటే శబరి సంతోషం వారికి శోకంగానే తోచవచ్చు.

కనుక తల్లిదండ్రులకు నా విన్నపం: పిల్లలకు సంగీతం నేర్పించండి, నేర్చిన ప్రతి కృతికీ అర్థం చెప్పండి. సందేహం కలిగితే మా తెలుగు ఉపాధ్యాయుల వద్దకు రండి. ఈ బడి తలుపులు అందుకే తెరచి ఉన్నాయి.

సెలవు.