వంపుల విద్య

జేబుకు తగిలించుకొను కలమునందలి చిన్న ప్లాస్టిక్ క్లిప్పును మనలో ఎందరు పరికించి చూచినారు? ఒక కొస మందము, ఒక కొస సన్నము. నడుమ ఒక వంపు, ఆ వంపులో మరియొక మెలిక. ఎక్కడ అడ్డముగా కోసి చూచినను ఒక్కొక్క చోట ఒక్కొక్క రూపు. ఇట్టి వస్తువులను కంప్యూటరు తెరపై తీర్చిదిద్దు విద్యనే కాడ్ అందురు.

ఈ యంత్రము మనకు కొత్తది కావచ్చును. దాని వెనుక నున్న ఆలోచన కొత్తది కాదు. కరీంనగరపు వెండి తీగపనివారు మొదట మందపు తీగతో చట్రము వంచి, పిదప దానిలో సన్నని మెలితీగలను నింపి టంకము పెట్టుదురు. కాడ్ విద్యలోను అదియే వరుస: మొదట అంచుల వంపులను గీయవలెను, తరువాత వాని నడుమ ఉపరితలమును పరవవలెను. అంచు తప్పినచో ఉపరితలము ముడుతలు పడును. ఈ వంపులకు గణితమార్గమును చూపినవారు ఫ్రాన్సు దేశపు కార్ల కర్మాగారములవారు: 1959లో సిట్రోయెన్‌లో ద కాస్తెల్జో, తరువాత రెనోలో బెజియే. కొన్ని బిందువులను కదిలించిన చాలును, వంపంతయు వానిని అనుసరించి నునుపుగా మారును.

ఇక అచ్చు సంగతి. కుమురం భీం ఆసిఫాబాదు జిల్లా ఉషేగాం మొదలగు గ్రామములందు ఓఝాలు మట్టిముద్దపై తేనెమైనపు తీగలను చుట్టి రూపు తీర్చి, పైన మరల మట్టి మెత్తుదురు. కాల్చగా మైనము కరగిపోవును. ఆ ఖాళీలో ఇత్తడి పోయుదురు. చల్లారిన పిదప మట్టిని పగులగొట్టుదురు. అచ్చు పగులునది గనుక ఎంతటి మెలికయైనను బయటికి వచ్చును. 2018లో భౌగోళిక సూచిక పొందిన ఆదిలాబాదు డోక్రా ఇదియే.

ప్లాస్టిక్ అచ్చు ఉక్కుది. దానిని పగులగొట్టలేము, తెరువవలెను. కావున నిలువు గోడలకు ఒకటి రెండు డిగ్రీల వాలు ఉంచవలెను. లేనిచో వస్తువు అచ్చును పట్టుకొని రాదు. మందము అంతటను సమానముగా నుండవలెను. ఒకచోట ఎక్కువైనచో అది ఆలస్యముగా చల్లారి పైన గుంట పడును.

క్లిప్పు విరుగుచున్నదని మందము పెంచుట తొలి తొందరపాటు. అది వంగవలసిన దూరము మారనప్పుడు, మందము రెట్టింపైన కొలది మొదలున సాగుదలయు రెట్టింపగును, విరుగుట త్వరపడును. పొడవును రెట్టింపు చేసినచో ఆ సాగుదల నాలుగవ వంతునకు తగ్గును. మొదలునందలి మూలను గుండ్రము చేయుట మరియొక రక్ష.

ఓఝా చేతిలో పొరపాటు ఒక బొమ్మతో ముగియును. ఉక్కు అచ్చులోని పొరపాటు వేలకొలది క్లిప్పులలో మరల మరల పుట్టును. అందుచేత తెర ముందు కూర్చుండు మన విద్యార్థులు ఒకసారి ఆ మైనపు తీగను వ్రేళ్ళతో వంచి చూతురు గాక. వంపు ఎక్కడ ఒప్పుకొనునో, ఎక్కడ మొరాయించునో ముందుగా చెప్పునది చేయియే.