హితబోధయు, శాసనమును



2022వ సంవత్సరము నవంబరు 23వ తేదీన ఐరోపా సమాఖ్యవారు చేసిన శాసనములలో రెండింటిని గూర్చి నేడు మీకు విన్నవింపదలచినాను. ఒకదాని సంఖ్య 2380. రెండవదాని సంఖ్య 2381. రెండును డిసెంబరు 7వ తేదీన ఒకే రాజపత్రములో అచ్చుపడినవి. మొదటిది సెల్‌ఫోనులకు ఛార్జింగు పెట్టు తీగను గూర్చినది. రెండవది పెద్ద కంపెనీల డైరెక్టర్ల బోర్డులలో స్త్రీలకుండవలసిన స్థానములను గూర్చినది. తీగకును స్త్రీల స్థానమునకును సంబంధమేమని మీరడుగవచ్చును. పైకి చూడగా ఏమియు లేదు. కాని యీ రెండు శాసనములును పుట్టిన విధమును పరిశీలించినచో ఒకే పాఠము రెండు మారులు కనబడును. ఆ పాఠము మన గ్రామపంచాయతీలకును పనికివచ్చునది.

ముందుగా ఐరోపా సమాఖ్య యననేమో ఒక మాట చెప్పెదను. అది ఫ్రాన్సు, జర్మనీ, ఇటలీ మొదలగు 27 స్వతంత్ర రాజ్యముల కూటమి. ప్రజలెన్నుకొనిన పార్లమెంటును, ఆయా ప్రభుత్వముల మంత్రులు కూర్చుండు మండలియు కలిసి అందఱికిని వర్తించు శాసనములను చేయును. ఇట్టి శాసనము వెలువడిన పిమ్మట ప్రతి రాజ్యమును గడువులోపల దానికి తగినట్లుగా తన దేశపు చట్టములను సవరించుకొనవలెను.

ఇక తీగ మాట. సెల్‌ఫోను లేని యిల్లు నేడు అరుదు. కొన్నియేండ్ల క్రిందట ఒక యింటిలో నాలుగు ఫోనులున్నచో నాలుగు విధములైన ఛార్జర్లుండెడివి. ఒకదానికి సన్నపిన్ను, ఒకదానికి బల్లపరుపు మొన, మఱియొకదానికి ఇంకొక ఆకారము. చుట్టపుటింటికి పోయినవాడు తన ఫోనునకు సరిపడు ఛార్జరు కొఱకు ఇల్లిల్లు తిరుగవలసి వచ్చెడిది. ఫోను చెడిపోయినచో ఛార్జరు బాగుగనే యున్నను అటకపైకి చేరెడిది. విద్యుచ్ఛక్తి అందఱికిని ఒక్కటియే. దానిని లోనికి పంపు ద్వారము మాత్రము కంపెనీకొక తీరు. ఈ భేదము వలన కొనువానికి లాభము లేదు. అమ్మువానికి మాత్రము కలదు. ఏలయన తన తీగ అలవాటైనవాడు తన వస్తువునే మరల కొనును.

ఐరోపాలో 2009 నాటికి ఇట్టి ఛార్జర్లు 30 రకములుండెను. అప్పుడు సమాఖ్య అధికారులు శాసనము చేయలేదు. కంపెనీలను పిలిచి హితవు చెప్పిరి. ఆ యేట ప్రముఖ ఫోను కంపెనీలు ఒక ఒడంబడికపై సంతకములు చేసి, తామే స్వచ్ఛందముగా ఒకే విధమైన మొనకు మారెదమని మాట యిచ్చినవి. హితబోధ నిష్ఫలమైనదని చెప్పుట న్యాయము కాదు. 30 రకములు కొన్నియేండ్లలో 3 రకములైనవి. కాని ఆ మూడు ఒకటి కాలేదు. ఒడంబడికలో ఒక సందు మిగిలియుండెను: కంపెనీ తన సొంత మొననే ఉంచుకొని, మధ్య తగిలించు చిన్న సాధనమును విడిగా అమ్మినను చాలును. ఆపిల్ కంపెనీ 2012లో లైట్నింగ్ అను తన సొంత మొనను ప్రవేశపెట్టి దానితోనే సాగినది. ఒడంబడిక గడువు 2014తో తీరినది. పిమ్మటి సంప్రదింపులలో కంపెనీల వలన సంపూర్ణమైన అంగీకారము రాలేదు.

కడకు 2021 సెప్టెంబరులో శాసనపు ముసాయిదా వెలువడినది. 2022 అక్టోబరు 4వ తేదీన పార్లమెంటులో దానికి అనుకూలముగా 602 మందియు, ప్రతికూలముగా 13 మందియు ఓటు వేసిరి. 8 మంది తటస్థులైరి. హితబోధ మొదలైన నాటినుండి యిందులకు 13 సంవత్సరములు పట్టినది.

శాసనములోని విషయము సులభము. 2024 డిసెంబరు 28వ తేదీ నుండి సమాఖ్య దేశములలో క్రొత్తగా అమ్మకమునకు వచ్చు సెల్‌ఫోనులు, టాబ్లెట్లు, కెమెరాలు, చెవికి తగిలించుకొను హెడ్‌ఫోనులు, చేతిలో పట్టుకొని పోగల స్పీకర్లు మున్నగు వాటికి టైప్-సి అను ఒకే విధమైన రంధ్రముండవలెను. లాప్‌టాప్ కంప్యూటర్లకు 2026 ఏప్రిల్ 28 వఱకు గడువిచ్చిరి. మొన యొకటియైనంత మాత్రమున చాలదని శాసనకర్తలు గ్రహించిరి. తీగ సరిపడినను, పరుల ఛార్జరు తగిలించినప్పుడు వేగము తగ్గునట్లు కంపెనీ చేయవచ్చును గదా! అందువలన 15 వాట్లకు మించిన శక్తితో ఛార్జి కాగల వస్తువులన్నియు ఒకే సామాన్య పద్ధతిని గూడ పాటింపవలెనని విధించిరి. మఱియు, ఇంట ఛార్జరు ఉన్నవాడు ఛార్జరు లేకుండ ఫోను మాత్రమే కొనుటకు వీలు కల్పింపవలెనని వ్రాసిరి. పాడైనవియు, వాడనివియునైన ఛార్జర్ల వలన ఐరోపాలో ఏటేట 11,000 టన్నుల చెత్త పోగుపడుచున్నదనియు, అక్కఱలేని కొనుగోళ్లు మానినచో ప్రజలకు ఏటేట 25 కోట్ల యూరోలు మిగులుననియు సమాఖ్య అధికారుల అంచనా.

దీనికి ఆక్షేపణ లేకపోలేదు. చట్టము ఒక ఆకారమును బిగించినచో అంతకంటె మేలైన క్రొత్త ఆకారము పుట్టదని కంపెనీవారు వాదించిరి. ఇది తీసివేయదగిన మాట కాదు. అందుచేతనే విజ్ఞానము పెరిగినకొలది ప్రమాణమును మార్చుటకు శాసనములోనే వీలుంచిరి. కాని మార్పు అందఱికిని కలిపి జరుగవలెను. ఒక్కొక్కరు తమ లాభము కొఱకు వేఱుపడరాదు. మన పెద్దల కాలమున ఒక్కొక్క సంతలో ఒక్కొక్క కుంచముండెడిది. కొలతల భేదము వలన నష్టపడినది రైతు, బాగుపడినది దళారి. 1956లో తూనికలు, కొలతల ప్రమాణములకు చట్టము వచ్చి కిలోగ్రాము అంతటను ఒకే తూకమైనది. అందువలన వ్యాపారము నశింపలేదు. మోసము కొంత తగ్గినది.

ఇంకొక విశేషము. ఆపిల్ కంపెనీ 2023 సెప్టెంబరులో విడుదల చేసిన ఐఫోను 15కు టైప్-సి రంధ్రము పెట్టినది. ఐరోపాకొక ఫోను, ఇతర దేశములకొక ఫోను వేఱువేఱుగా చేయుట ఏ కంపెనీకిని లాభము కాదు. కావున ఎక్కడనో చేసిన శాసనపు ఫలము మన దేశపు అంగళ్లకును వచ్చినది. మన భారతీయ ప్రమాణాల సంస్థ వారును టైప్-సికి ప్రమాణమును ప్రకటించియున్నారు.

ఇక రెండవ శాసనము. పెద్ద కంపెనీని నడుపు విధానమును నిర్ణయించునది డైరెక్టర్ల బోర్డు. ఎవరిని మేనేజరుగా నియమింపవలెను, ఎచ్చట కర్మాగారము పెట్టవలెను, ఎచ్చట మూయవలెను అనునవి అచ్చట తేలును. ఐరోపాలోని విశ్వవిద్యాలయములనుండి వెలువడు పట్టభద్రులలో సగమునకు మించి స్త్రీలే యైనను, 2010 ప్రాంతమున పెద్ద కంపెనీల బోర్డులలో నూటికి సుమారు 12 మందియే స్త్రీలుండిరి. కారణమేమి? బోర్డులో ఖాళీ వచ్చినప్పుడు, ఉన్న సభ్యులు తామెఱిగిన వారిలో నొకరిని పిలుచుకొనుట అలవాటు. తామెఱిగినవారు తమవంటివారే యగుదురు. ఇందులో ద్వేషము లేకపోవచ్చును. కాని తలుపు మాత్రము మూసియే యుండును.

ఇచ్చటను మొదట హితబోధయే జరిగినది. సమాఖ్యలో న్యాయశాఖను చూచుచుండిన వివియన్ రెడింగ్ అను విదుషి 2011 మార్చిలో కంపెనీలకు ఒక ప్రతిజ్ఞాపత్రమును పంపి, స్వచ్ఛందముగా స్త్రీల సంఖ్యను పెంచుడని కోరినది. ఒక సంవత్సరము గడచునప్పటికి దానిపై సంతకము చేసిన కంపెనీలు 24 మాత్రమే. అంతట 2012 నవంబరులో ఆమె శాసనపు ముసాయిదాను ప్రతిపాదించినది. మంత్రుల మండలిలో కొన్ని రాజ్యములు ఒప్పుకొనకపోవుటచే అది పదియేండ్లు కదలక పడియుండెను. తుదకు 2022 జూన్ 7వ తేదీన ఒప్పందము కుదిరినది. చిత్రమేమనగా తీగను గూర్చిన ఒప్పందమును ఆ దినముననే కుదిరినది.

దీనికి ముందే నార్వే దేశము దారి చూపినది. ఆ దేశము ఐరోపా సమాఖ్యలోనిది కాదు. 2003లో అచ్చటి శాసనసభ పబ్లిక్ లిమిటెడ్ కంపెనీల బోర్డులలో స్త్రీలు గాని పురుషులు గాని నూటికి సుమారు 40 మందికి తక్కువ కారాదని నిర్ణయించినది. కాని కంపెనీలు 2005లోపల తామే నెరవేర్చినచో చట్టమును అమలు పెట్టమనిరి. గడువు తీరినది, నెరవేరలేదు. 2006 జనవరి నుండి చట్టము అమలులోనికి వచ్చినది. రెండేండ్లలో పాటింపని కంపెనీ రద్దగునని హెచ్చరించిరి. 2008 నాటికి లెక్క సరిపడినది. దొరకరని చెప్పిన యోగ్యులైన స్త్రీలు, వెదకవలసి వచ్చునప్పటికి దొరకిరి.

ఐరోపా శాసనము చెప్పునది యిది: స్టాకు ఎక్స్ఛేంజిలో వాటాలు అమ్ముడగు పెద్ద కంపెనీలలో, నిత్యవ్యవహార భారము లేని డైరెక్టరులలో నూటికి 40 మంది గాని, లేదా డైరెక్టరులందఱిలో నూటికి 33 మంది గాని, తక్కువ సంఖ్యలో నున్న వర్గమువా రుండవలెను. దీనికి గడువు 2026 జూన్ 30. చిన్న, మధ్యరకపు కంపెనీలకిది వర్తింపదు. యోగ్యత లేనివారిని కూర్చుండబెట్టుడని శాసనము చెప్పలేదు. ఎంపికకు స్పష్టమైన కొలమానములు ముందే నిర్ణయింపవలెను. ఇద్దఱు అభ్యర్థులు సమాన యోగ్యత గలవారైనప్పుడు, తక్కువగా నున్న వర్గమువారికి సాధారణముగా మొగ్గు చూపవలెను. చట్టముగల చోటికిని లేనిచోటికిని భేదమెంతయో వినుడు. ఫ్రాన్సులో 2011 నుండియే ఇట్టి చట్టము కలదు. 2021 అక్టోబరు నాటికి అచ్చటి పెద్ద కంపెనీల బోర్డులలో స్త్రీలు నూటికి 45 మంది. సైప్రస్ ద్వీపములో నూటికి 9 మందికంటెను తక్కువ.

ఇప్పుడు మొదట చెప్పిన పాఠమునకు వచ్చెదను. తీగను గూర్చిన శాసనము "అన్నియు ఒకే తీరుగా నుండవలె" ననుచున్నది. బోర్డును గూర్చిన శాసనము "అందఱును ఒకే తీరువారు కారా" దనుచున్నది. మాటలు ఎదురెదురైనను మూలమొక్కటియే. ఏ యలవాటు వలన ఎవరికి లాభము కలదో, దానిని మార్చు అధికారము వారి చేతిలోనే యున్నప్పుడు హితబోధ కొంతదూరమే సాగును. తుదిమెట్టు ఎక్కించుటకు శాసనము కావలెను. హితబోధ వ్యర్థము కాదు. అది దుక్కి దున్నును. కాని దున్నినంతనే పంట రాదు.

ఐతే శాసనమునకును ఒక హద్దు కలదు. తీగకు మనస్సు లేదు. రంధ్రము సరిపడినచో పని జరిగిపోవును. మనుష్యుల విషయము అట్లు కాదు. మన దేశములో 2013 నాటి కంపెనీల చట్టము, వాటాలు అమ్ముడగు కంపెనీల బోర్డులో ఒక్క స్త్రీయైన నుండవలెనని విధించినది. కొన్ని కంపెనీలు యజమానుల కుటుంబములలోని స్త్రీలనే కూర్చుండబెట్టి లెక్క సరిచేసినవి. అందువలన సెబీ సంస్థవారు 2020 ఏప్రిల్ 1 నాటికి మొదటి 1000 కంపెనీలలో, యాజమాన్యముతో సంబంధము లేని స్వతంత్ర డైరెక్టరుగా ఒక స్త్రీ యుండవలెనని నియమించిరి.

మన గ్రామముల సంగతి మీకే బాగుగ తెలియును. రాజ్యాంగమునకు జరిగిన 73వ సవరణ 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చి, పంచాయతీ స్థానములలో మూడవ వంతు స్త్రీలకు కేటాయించినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశములో 2011లో ఆ భాగమును సగమునకు పెంచిరి. తెలంగాణములో 2018 నాటి చట్టమును సగమునే నిలిపినది. ఈ విషయములో మన పల్లెలు ఐరోపా కంపెనీలకంటె ఎంతయో ముందు నడచినవి. ఇది మనము గర్వింపదగిన మాట. కాని సర్పంచి కుర్చీలో భార్య పేరును, చేతిలో కలముతో భర్తయు ఉన్న గ్రామములు లేవని చెప్పగలమా? అచ్చట శాసనము గడపవఱకు వచ్చి నిలిచిపోయినది. గడప దాటించుట శాసనము వలన కాదు; గ్రామ పెద్దల వలన కావలెను.

కావున పెద్దలైన మీకు నాదొక మనవి. మీ గ్రామ సర్పంచి స్త్రీయైనచో, ఈసారి గ్రామసభలో మంచినీటి కొళాయి మాటయో, వీధిదీపము మాటయో అడుగవలసి వచ్చినప్పుడు ఆమె భర్తవైపు చూచి అడుగకుడు. "అమ్మా, దీనికి మీరేమందురు?" అని ఆమెనే అడుగుడు. ఆమె తడబడినచో ఓపికపట్టుడు. క్రొత్తగా సభకెక్కిన నాడు మనమందఱమును తడబడినవారమే. ప్రశ్న తన్ను చేరినప్పుడే సమాధానము చెప్పు బాధ్యతయు ఆమెను చేరును. ఇందులకు ఏ చట్టమును అక్కఱలేదు. పెద్దల నోట ఒక్క మాట చాలును.