బండి సామాను కొందాం - చదివి కొందాం

(మహిళా పొదుపు సంఘాల సమావేశంలో చేసిన ప్రసంగం)



ఈరోజు మనం బండి సామాను గురించి మాట్లాడుకుందాం. బండి సామాను అంటే స్పేర్ పార్టులు. బ్రేకు షూలు, క్లచ్ కేబులు, చైను, టైరు, బ్యాటరీ, ఇంజన్ ఆయిలు లాంటివి.

"అది మగవాళ్ల పని గదా, మాకెందుకు?" అని మీలో కొందరు అనుకుంటూ ఉండొచ్చు. ఒక్కసారి ఆలోచించండి. ఆటో కొనడానికి అప్పు తెచ్చింది ఎవరు? సంఘంలో సంతకం పెట్టింది ఎవరు? నెలనెలా కిస్తీ కట్టేది ఎవరు? చాలా ఇళ్లలో మనమే. మనలో కొందరు ఆటో నడుపుతున్నారు. కొందరు స్కూటీ మీద పనికి పోతున్నారు.

బండి ఆగితే ఆ రోజు రాబడి ఆగుతుంది. కిస్తీ మాత్రం ఆగదు. నాసిరకం బ్రేకు షూలు వేస్తే డబ్బుతో పోదు, ప్రాణాల మీదికే వస్తుంది. అందుకే ఇది మన పని కూడా.

"సామానుకు 1,800 అయింది" అంటే ఇదివరకు సరే అనేవాళ్లం. చదువు రాని రోజుల్లో వేరే దారి లేదు. ఇప్పుడు అట్టపెట్టె మీద అక్షరాలు చదవగలం. బిల్లు మీద అంకెలు చదవగలం. కూడగలం, తీసివేయగలం. బండి సామాను కొనడానికి ఇంతకన్నా పెద్ద చదువు అక్కర్లేదు.

ఎక్కడెక్కడ దొరుకుతుంది?

బండి సామాను నాలుగు చోట్ల దొరుకుతుంది.

ఒకటి, బండి కంపెనీ డీలరు దగ్గర. రెండు, ఒకే పేరుతో ఊరూరా ఉండే పెద్ద కొట్లలో. మూడు, బజారులో ఉండే స్పేర్ పార్టుల కొట్టులో. విజయవాడ ఆటోనగర్, సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి చోట్ల ఇలాంటి కొట్లు పక్కపక్కనే ఉంటాయి. నాలుగు కొట్లు తిరిగి ధర అడగొచ్చు. నాలుగు, ఫోనులో. ఆన్‌లైన్‌లో చూసి, డబ్బు కడితే ఇంటికి పంపుతారు.

"ఎక్కడ చవక?" అని అందరూ అడుగుతారు. ఒక చోట ఎప్పుడూ చవక, ఇంకో చోట ఎప్పుడూ ఖరీదు అనేది లేదు. సామానును బట్టి, అవసరాన్ని బట్టి మారుతుంది. కాబట్టి ధరలు పోల్చి చూడడం నేర్చుకోవాలి.

అదే సామానుతో అదే సామాను పోల్చాలి

బియ్యం ధర చూసేటప్పుడు సన్నబియ్యాన్ని, దొడ్డుబియ్యాన్ని పోల్చం గదా. బండి సామానూ అంతే.

ఒక కొట్టులో బ్రేకు షూలు 400 రూపాయలు. ఇంకో చోట 250. ఇంకో చోట 120. వెంటనే 120వి తీసుకోకండి. మూడూ ఒకటేనా అని చూడండి.

బండి కంపెనీ తన పేరుతో అమ్మే సామాను ఒక రకం. దీన్ని మనవాళ్లు "కంపెనీది" అంటారు. సామాను తయారుచేసే కంపెనీలు తమ సొంత పేరుతో అమ్మేది రెండో రకం. బండి కంపెనీలు అన్ని సామాన్లూ తామే తయారు చేసుకోవు. చాలా వాటిని ఇలాంటి కంపెనీల దగ్గర చేయించుకుంటాయి. అందుకని రెండో రకం తక్కువ ధరకు వచ్చినా అది నకిలీ కాదు. మంచి పేరున్న కంపెనీది అయితే భయం లేకుండా కొనొచ్చు.

మూడో రకం నకిలీది. ఇంకొకరి పేరు దొంగతనంగా అచ్చువేసుకుని అమ్మేది. పెట్టె మీద అక్షరాలు తప్పుగా ఉండడం, రంగు వెలిసిపోయినట్టు ఉండడం, తయారుచేసినవారి చిరునామా లేకపోవడం - వీటిని చూస్తే అనుమానించాలి. ఇక్కడే మన చదువు పనికొస్తుంది. ఒక్క అక్షరం మార్చి పెద్ద కంపెనీ పేరులా కనిపించేట్టు రాస్తారు. కూడబలుక్కుని చదివితే పట్టుబడుతుంది.

పెట్టె మీద పార్టు నంబరు ఉంటుంది. పాత పెట్టె ఉంటే దాచుకోండి. లేకపోతే మెకానిక్‌ను అడిగి నంబరు రాసుకోండి. ఆ నంబరుతోనే అన్ని చోట్లా ధర అడగండి. మీ బండి ఆర్.సి. పుస్తకంలో గాని కార్డులో గాని మోడలు, తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. అవీ చెప్పండి. 2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.6 బండ్లు వచ్చాయి. బండి పేరు ఒకటే అయినా, అంతకుముందు బండికి సరిపోయిన కొన్ని సామాన్లు తర్వాత బండికి సరిపోవు.

తగ్గింపును కాదు, కట్టేది చూడాలి

ప్రతి పెట్టె మీద ఎం.ఆర్.పి. అని ఉంటుంది. అంటే గరిష్ఠ చిల్లర ధర. అన్ని పన్నులూ అందులోనే కలిసి ఉంటాయి. "ఎం.ఆర్.పి. మీద జి.ఎస్.టి. అదనం" అని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి. ఎం.ఆర్.పి. కంటే ఎక్కువ తీసుకోవడం చట్టానికి విరుద్ధం. తక్కువకు అమ్మడం మాత్రం తప్పు కాదు. కాబట్టి బేరం ఆడొచ్చు.

ఫోనులో "సగం ధరకే" అని పెద్ద అక్షరాలతో వస్తుంది. లెక్క వేసి చూడండి. ఒక చోట ఎం.ఆర్.పి. 600, సగం తగ్గింపు. కట్టేది 300. ఇంకో చోట ఎం.ఆర్.పి. 320, నూటికి 10 తగ్గింపు. కట్టేది 288. తగ్గింపు పెద్దదిగా కనపడిన చోటే ధర ఎక్కువ! అందుకే ఎంత తగ్గించారని చూడకండి. చివరికి ఎంత కట్టాలో చూడండి.

ఇంకో మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి బండి సామాన్లన్నిటి మీద జి.ఎస్.టి. 18 శాతం చేశారు. అంతకుముందు చాలా వాటి మీద 28 శాతం ఉండేది. పన్ను లేకుండా 100 రూపాయలున్న సామాను అప్పుడు 128 అయితే, ఇప్పుడు 118 అవుతుంది. పాత పెట్టె మీద పాత ధరే అచ్చయి ఉండొచ్చు. "పన్ను తగ్గింది గదా, ఆ మేరకు తగ్గించారా?" అని అడగండి.

కొలత చూడాలి

ఇంజన్ ఆయిలు డబ్బాలు చూడండి. ఒకటి 360 రూపాయలు, ఇంకొకటి 390. ఏది చవక?

డబ్బా మీద చదవండి. 360ది 900 మిల్లీలీటర్లు. 390ది 1 లీటరు, అంటే 1,000 మిల్లీలీటర్లు. మొదటిదాన్లో 100 మిల్లీలీటర్లకు 40 రూపాయలు పడింది. రెండోదాన్లో 39 పడింది. ఎక్కువ ధర ఉన్న డబ్బాయే చవక.

అయితే మీ బండికి 900 మిల్లీలీటర్లే పడితే, మిగిలింది వాడుకోలేకపోతే, చిన్న డబ్బాయే మేలు. ఎంత పడుతుందో, ఏ రకం ఆయిలు పోయాలో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఆ రకమే కొనాలి.

ఇంటికి చేరి, బండికి బిగించేదాకా లెక్క

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. ఈ అంకెలు లెక్క కోసమే.

ఫోనులో బ్రేకు షూలు 250. పంపినందుకు 50. ఊళ్లో మెకానిక్ బిగించడానికి 150. మొత్తం 450 రూపాయలు.

పట్నంలో కొట్టులో అవే బ్రేకు షూలు 320. మనిషి బస్సు మీద పోయి రావడానికి 40. అక్కడ కొన్నవాళ్లకు ఊళ్లో మెకానిక్ 100కే బిగిస్తానన్నాడు. మొత్తం 460 రూపాయలు.

సామాను ధరలో 70 రూపాయల తేడా కనపడింది. మొత్తం వేసేసరికి 10 రూపాయలే తేడా.

ఇంకా ఉంది. ఫోనులో చెప్పిన సామాను రావడానికి 3 రోజులు పడుతుందనుకోండి. బ్రేకు పాడైన ఆటోను తిప్పకూడదు. రోజుకు 500 మిగిలే ఆటో 3 రోజులు ఆగితే 1,500 పోయినట్టే. 10 రూపాయల కోసం 1,500 పోగొట్టుకుంటామా?

కాబట్టి ఇలా చేయండి. ఆయిలు, ఫిల్టరు, బ్రేకు షూలు ఎప్పుడు మార్చాలో ముందే తెలుస్తుంది. వాటికి పది రోజుల ముందే అన్ని చోట్లా ధరలు కనుక్కోండి. ఫోనులో చవకైతే ఫోనులో తెప్పించండి. కేబులు తెగిపోయి బండి దారిలో ఆగిపోయిందా? అప్పుడు దగ్గర్లోని కొట్టే దిక్కు. అక్కడ 30 ఎక్కువైనా నష్టం లేదు.

ఒకే పేరుతో ఊరూరా ఉండే కొట్లలో సాధారణంగా బేరం ఉండదు. ఆ కొట్టువాళ్లే ఫోనులో కూడా అమ్ముతుంటే, ఆ ధర చూపించి "ఈ ధరకే ఇస్తారా?" అని అడగండి. అడిగితే పోయేదేమీ లేదు.

చేత్తో పట్టుకుని చూడాల్సినవి

టైరు కొనేటప్పుడు దాని పక్కభాగం చూడండి. అక్కడ నాలుగు అంకెలు ఉంటాయి. 3525 అని ఉందనుకోండి. 2025వ సంవత్సరం, 35వ వారంలో తయారైందని అర్థం. రబ్బరు వాడకపోయినా పాతబడుతుంది. చవకగా ఇచ్చే టైరు ఏళ్ల తరబడి గోడౌన్‌లో పడి ఉన్నది కావచ్చు. ఐ.ఎస్.ఐ. గుర్తు కూడా చూడండి. కొట్టులో అయితే టైరు తిప్పి చూసి కొంటాం. ఫోనులో అమ్మేవాళ్లు తయారుచేసినవారి పేరు, కొలత, ఎం.ఆర్.పి. చూపించాలని నిబంధన ఉంది. తయారైన నెల, సంవత్సరం చూపించాలని లేదు. ఆ తేడా గుర్తుంచుకోండి.

బ్యాటరీ సంగతీ అంతే. పాత బ్యాటరీ ఇస్తే కొట్టువాళ్లు ధర తగ్గిస్తారు. అందులో సీసం ఉంటుంది, దానికి విలువ ఉంది. ఫోనులో కొంటే పాతది తీసుకుంటారో లేదో ముందే చూడాలి. గ్యారంటీ కార్డు కూడా చదవాలి. కొన్నిటికి 24+24 నెలలు అని ఉంటుంది. మొదటి 24 నెలల్లో పాడైతే కొత్తది ఊరికే ఇస్తారు. తర్వాత 24 నెలల్లో పాడైతే కొత్తదాని ధరలో కొంతే తగ్గిస్తారు. 48 నెలలూ ఊరికే ఇస్తారని అనుకోవద్దు. కార్డు మీద కొన్న తేదీ, కొట్టు ముద్ర వేయించుకోవాలి.

బిల్లే మన బలం

"బిల్లు వద్దంటే 50 తగ్గిస్తా" అంటారు. ఆ 50కి ఆశపడితే, సామాను పాడైనప్పుడు అడిగే హక్కు గల్లంతవుతుంది. బిల్లు మీద కొట్టు పేరు, జి.ఎస్.టి. నంబరు, తేదీ, సామాను పేరు ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చదవండి.

ఫోనులో కొంటే అమ్మేవాళ్ల పేరు, చిరునామా, వెనక్కి తీసుకునే షరతులు ముందు చదవండి. పెట్టె విప్పేటప్పుడు ఫొటోలు తీసుకోండి. సరిపోని సామానును బండికి బిగించి చూసి, మరకలు చేసి వెనక్కి పంపితే తీసుకోరు. బిగించక ముందే పాతదాని పక్కన పెట్టి పోల్చండి.

మోసం జరిగితే 1915 నంబరుకు ఫోను చేయండి. ఇది జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం. తెలుగులో మాట్లాడొచ్చు. 2020 నిబంధనల ప్రకారం ఆన్‌లైన్ కంపెనీ మీ ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి. నెల లోపల పరిష్కరించాలి. అప్పటికీ న్యాయం జరగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మీరుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. 5 లక్షల రూపాయల లోపు కొన్నవాటికి ఫీజు లేదు. రెండేళ్లలోపు వేయాలి.

"ఆటో వ్యాపారం గదా, మీకు ఆ చట్టం వర్తించదు" అని ఎవరన్నా అంటే భయపడకండి. స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి కొని, తామే వాడుకునేవాళ్లు వినియోగదారులే అని 2019 చట్టంలోనే రాసి ఉంది.

ఒక నోటుపుస్తకం పెట్టండి

అక్కల్లారా, ఇంట్లో ఒక చిన్న నోటుపుస్తకం పెట్టండి. తేదీ, బండి తిరిగిన కిలోమీటర్లు, సామాను పేరు, పార్టు నంబరు, ధర, కొన్న చోటు రాయండి. బిల్లు అందులోనే అంటించండి. ఆరు నెలలు రాస్తే ఏ సామాను ఎన్నాళ్లు మన్నిందో తెలుస్తుంది. 120కి కొన్నవి రెండు నెలలకే అరిగిపోయి, 250వి ఏడు నెలలు వస్తే ఏది చవకో పుస్తకమే చెబుతుంది.

సంఘంలో పది ఇళ్లలో ఆటోలుంటే పది పుస్తకాలూ కలిపి చూడండి. పదిమందీ కలిసి ఒకేసారి ఆయిలు కొంటామంటే కొట్టువాడు తప్పకుండా బేరానికి వస్తాడు. ఇంట్లో మగవాళ్లతో పోట్లాట పెట్టుకోమని కాదు. ఇద్దరూ కూర్చుని లెక్క చూసుకోమని చెబుతున్నాను. లెక్క కాగితం మీద ఉంటే మాట పెరగదు.

సెలవు.

ఆలోచించండి - చర్చించండి

1. మీ ఇంట్లో బండికి పోయిన నెల ఏ సామాను కొన్నారు? బిల్లు ఉందా?

2. ఇంటి ముందున్న బండి టైరు మీద నాలుగు అంకెలు వెతకండి. ఏ సంవత్సరంలో తయారైంది?

3. 800 మిల్లీలీటర్ల ఆయిలు 336 రూపాయలు. 1 లీటరు 400 రూపాయలు. 100 మిల్లీలీటర్లకు ఏది చవక?

4. ఒకే పార్టు నంబరుకు మూడు చోట్ల ధర అడగండి. పంపే ఖర్చు, బిగించే కూలి కలిపి నోటుపుస్తకంలో రాయండి.